త్రిపురాంబ గారు మూడుసార్లు లేవాలి

పరీక్షకు 41 రోజులు

మంచిదని తెలిసిన పనిని మనిషి ఎందుకు చేయడు?

ఫిజియోథెరపీ చదువుకునే రోజుల నుంచీ, అంటే ఇరవై మూడేళ్లుగా, ఈ ప్రశ్నని మోస్తున్నాను. ఈలోగా నా కుడి భుజం పట్టేసింది. దానికి చేయాల్సిన వ్యాయామాలు ఆరు. ఎప్పుడడిగినా వరసగా అప్పజెప్పగలను. చేయను.

ఈ డైరీ రాయమన్నది ఆరోగ్య కమిటీ. పేషెంట్ల అలవాట్లు ఎలా మారుతున్నాయో ఏ రోజుకారోజు నమోదు చేయాలట. అలవాట్లు మారవు కాబట్టి చిన్న డైరీ సరిపోతుందనుకున్నాను. కానీ ఇవాళ త్రిపురాంబ గారికి నోటీసు వచ్చింది.

ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. అంతరిక్షంలో తిరిగే మా ఊరికి లోపలొకటి, బయటొకటి రెండు చక్రాలు; బయటి చక్రం మొత్తానికి ఒకే ఒక్క దోసెల పెనం ఆవిడది. చక్రం తిరుగుతున్నంతసేపూ ఇక్కడ మన ఒంటికి భూమ్మీద ఉన్నంత బరువు ఉంటుంది. లోపలి చక్రంలో అందులో నూరో వంతు కూడా ఉండదు. అక్కడ గరిటెతో పిండి వేస్తే పెనం మీద ఆగదు, ఉండ చుట్టుకుని నెమ్మదిగా మొహం మీదికి వస్తుంది. అక్కడివాళ్లు ట్యూబుల్లోంచి ముద్ద పిండుకుని తింటారు.

అరవై ఎనిమిది నిండినవాళ్లు బయటి చక్రంలో ఉండాలంటే ఒక పరీక్ష నెగ్గాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేయి ఎక్కడా ఆనించకుండా, ఎవరి సాయమూ లేకుండా మూడుసార్లు లేవాలి. లేవలేకపోతే లోపలికి మార్చేస్తారు. ఒకసారి లోపలికి వెళ్లినవాళ్ల కాళ్లు ఇంకా మెత్తబడతాయి, మళ్లీ బయటికి రావడం ఉండదు. నియమం అన్యాయమైనదేం కాదు. చక్రానికి ప్రమాదం వస్తే ఎవరి కాళ్ల మీద వాళ్లు లేచి తలుపు దాకా నడవాలి. ఇంకొకర్ని మోసే తీరిక ఎవరికీ ఉండదు.

త్రిపురాంబ గారు పొద్దున్న పీట మీద కూర్చుంటే దుకాణం కట్టేదాకా లేవరు. పిండి, నూనె, చట్నీ అన్నీ చేతికందేలా పెట్టుకున్నారు. కట్టేసే వేళకి ఇద్దరు కస్టమర్లు చెరో రెక్కా పట్టుకుని లేపుతారు. అలా లేపిన ఇద్దరికీ ఆఖరి దోసెలు ఉచితం. అందుకోసం పోటీ కూడా ఉంది.

పరీక్షకు 39 రోజులు

వెళ్లి మాట్లాడాను. మా చదువులో ఒక పద్ధతి ఉంది. మనం నీతులు చెప్పకూడదు. ఎందుకు మారాలనుకుంటున్నారో వాళ్ల నోటితోనే చెప్పించాలి.

"త్రిపురాంబ గారూ, అసలు మీకు ఎందుకు లేవాలనిపిస్తుంది?" అన్నాను.

"లేవాలనిపించదు డాక్టరమ్మా. అందుకే కూర్చున్నాను."

నేను డాక్టర్ని కాదని పదేళ్లుగా చెబుతున్నాను. అదీ మారలేదు.

"లోపలికి పంపించేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి."

"ఊహించుకున్నా. పెనం తిరగేసి పట్టుకుని కింద నుంచి వేస్తా."

"మరి కాలి కడియం చూస్తే రోజుకి నలభై వేల అడుగులు నడుస్తున్నట్టుంది. ఎలా?"

ఆవిడ కళ్లతోనే మూలనున్న గ్రైండర్ని చూపించారు. అడుగులు లెక్కపెట్టే కడియం దాని పొత్రానికి కట్టి ఉంది. మినప్పప్పుతో పాటు గుండ్రంగా తిరుగుతూ మధ్యమధ్యలో అంటోంది: "భేష్ త్రిపురాంబ గారూ. మీరు చేయగలరు. మీరు చేస్తున్నారు."

"పొద్దస్తమానం నన్ను పొగుడుతుంటే సిగ్గేసిందమ్మా. గ్రైండరుకైతే ఏ బాధా లేదు," అన్నారు.

కిందటేడు కమిటీవాళ్లు ఇచ్చిన ఆరోగ్య శిరోమణి పత్రం గోడకి ఉంది. ఫొటో ఆవిడది. నడక గ్రైండరుది. దాని మీద సిఫార్సు సంతకం నాది.

పరీక్షకు 34 రోజులు

చిన్న లక్ష్యం పెట్టుకుంటే పెద్దది సాధ్యమవుతుంది. రోజుకి ఒక్కసారి సొంతంగా లేవమన్నాను. సరేనన్నారు. తొలి రోజు ప్రయత్నిస్తే నడుము జానెడు పైకి లేచి ధబ్బున కూలబడింది. రెండో రోజు పిండి ఎక్కువైందన్నారు. మూడో రోజు మంగళవారమన్నారు. నాలుగో రోజు నేను వస్తుండటం చూసి ముందే దోసె వేసి ఉంచారు. తిని వచ్చేశాను. ఐదో రోజు కూడా తిన్నాను. ఇందులో ఎవరి అలవాటు మారుతోందో డైరీలో ఎలా నమోదు చేయాలో తెలియలేదు.

పరీక్షకు 29 రోజులు

ఇవాళ ఒక విచిత్రం కనబడింది. బయటి చక్రం మొత్తానికి తొడల బలం కొలతలు వేస్తే, రోజూ వ్యాయామశాలకి పోయేవాళ్ల కంటే మూడో వీధివాళ్లవి ఎక్కువ ఉన్నాయి. మూడో వీధిలో వ్యాయామశాలకి దారి తెలిసినవాళ్లే లేరు. అక్కడివాళ్లు వేయించిన వేరుశెనగలు తింటూ చాపల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. కుర్చీలు ఎవరికీ లేవు. ఇక్కడ లోహం దొరకదు, ఉన్నదంతా చక్రానికే పోతుంది.

సంగతేమిటో చూద్దామని ఆ వీధిలో రాజ్యం గారింటికి వెళ్లాను. ఆవిడ త్రిపురాంబ గారి తోడికోడలు. ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. నలుగురిలో ఒకసారి రాజ్యం గారు "అక్కా, ఇవాళ దోసె కాస్త మందంగా వచ్చిందే" అన్నారట. ఆ వారం మరమ్మతుల కోసం చక్రాన్ని నెమ్మదిగా తిప్పారు, బరువు తగ్గి పిండి సరిగా పరుచుకోలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా సరే.

పది నిమిషాలు కూర్చుని "వస్తానండీ" అని లేచాను.

"అదేంటమ్మాయ్, అప్పుడేనా? కాఫీ కలిపేశాను, కూర్చో."

కూర్చున్నాను. తాగాను. లేచాను.

"అవునూ, నీ భుజం ఎలా ఉంది? మా వదినకీ ఇలాగే పట్టేసి ఏమైందో తెలుసా?"

ఏమైందో తెలుసుకోకుండా ఎలా వెళ్తాం? కూర్చున్నాను. వాళ్ల వదిన భుజం నయమయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. లేచాను. బొట్టు పెట్టకుండా పంపిస్తానా అని కూర్చోబెట్టారు. లేచాను. గుమ్మం దాకా వెళ్లాక వాళ్లాయన ఎదురొచ్చి, తాను రాగానే వెళ్లిపోతే ఏం బాగుంటుందన్నారు. కూర్చున్నాను.

గంటన్నరలో తొమ్మిదిసార్లు లేచాను. నేల మీద నుంచి. ఒక చేతిలో వేరుశెనగలు, ఇంకో చేతిలో తమలపాకులు ఉన్నాయి కాబట్టి చేయి ఆనించే వీలే లేదు.

పరీక్షకు 28 రోజులు

తొడలు పట్టేశాయి. మెట్లు దిగలేకపోతున్నాను. ఇంత సంతోషం నాకు ఈ ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

కమిటీకి వెంటనే రిపోర్టు పంపాను. వ్యాయామం అని పేరు పెట్టనంతవరకూ మనవాళ్లు ఎంత వ్యాయామమైనా చేస్తారని రాశాను. పంపేశాక అనిపించింది, ఇప్పుడు నేను దానికి పేరు పెట్టానా?

పరీక్షకు 24 రోజులు

పెట్టాను. కమిటీ దాన్ని "వీడ్కోలు యోగం" అని ప్రకటించింది. గోడల మీద బొమ్మలు అంటించారు. ప్రతి ఒక్కరూ రోజుకి పదిసార్లు ఎవరింటి నుంచైనా సెలవు తీసుకోవాలి. కడియాలు లెక్కపెడతాయి.

సాయంత్రానికల్లా బయటి చక్రమంతా చుట్టాలే. అందరూ ఎవరో ఒకరింటికి బయలుదేరారు. ఎవరింటికి వెళ్లినా తాళం. వాళ్లూ బయలుదేరారు కదా. వీధుల్లో తమలపాకులు పట్టుకుని జనం ఒకరికొకరు ఎదురుపడి "మీ ఇంటికే వస్తున్నాం" అంటే "మేమూ మీ ఇంటికే" అనుకుంటూ నిలబడిపోయారు.

పరీక్షకు 22 రోజులు

కమిటీ సగం మందిని వంతులవారీగా ఇళ్లలో కూర్చోబెట్టింది. వంతు పడ్డవాళ్లకి విసుగు. చుట్టాలు "వస్తామండీ" అనగానే "మంచిది, వెళ్లి రండి" అని తలుపేసుకుంటున్నారు. ఒక్కసారి లేవడంతో సరిపోతోంది. ఇద్దరు ముగ్గురు ఇంట్లో ఒంటరిగా చాప పరుచుకుని, "వస్తాను, కూర్చో, వస్తాను, కూర్చో" అని తమకు తామే చెప్పుకుంటూ పది పూర్తి చేస్తున్నారట. మూడో వీధి తొడల బలం తగ్గింది.

పరీక్షాధికారి పర్వతాలు గారు క్లినిక్‌కి వచ్చి, "మేడమ్, మీరు ఏదైనా కనిపెడితే దయచేసి ఎవరికీ చెప్పకండి," అన్నారు. మంచివాడే. కోపంగా అనలేదు.

పథకం రద్దయింది.

పరీక్షకు 20 రోజులు

ఈ గోలలో నేను గమనించనిది ఒకటుంది. త్రిపురాంబ గారు పదకొండేళ్లుగా ఎవరింటికీ చుట్టంగా వెళ్లలేదు. ఆవిడ దగ్గరికే అందరూ వస్తారు. లేవబోయిన ప్రతివాణ్ణీ "కూర్చో, ఇంకొకటి వేస్తా" అని కూర్చోబెట్టేది ఆవిడే. ఊళ్లో సగం మంది మోకాళ్లు బలపడింది ఆ పీట పుణ్యాన. ఆవిడవి మాత్రం ఆ పీట మీదే ఉండిపోయాయి.

"ఎవరింటికైనా వెళ్లి రావచ్చు కదా," అన్నాను.

"ఎవరింటికి? అందరూ ఇక్కడికే వస్తుంటే."

"రాజ్యం గారు రారు కదా."

దోసె తిరగేశారు.

అప్పుడు నేనొక పని చేశాను. మా చదువులో దీనికి పద్ధతి లేదు.

"రాజ్యం గారు అన్నారు లెండి. అక్క మా ఇంటికి రాదు, వచ్చినా మా చాప మీద నుంచి లేవలేదు అని."

రాజ్యం గారు అలా అనలేదు. అట్లకాడ గాల్లో ఆగిపోయింది.

"అదందా ఆ మాట?"

"అన్నారు."

"నన్ను లేపండ్రా," అన్నారు త్రిపురాంబ గారు. దుకాణం కట్టే వేళ కాలేదు. జనం తెల్లబోయి, ఒకర్నొకరు నెట్టుకుంటూ లేపారు.

పరీక్షకు 19 రోజులు

నిన్న జరిగింది రాజ్యం గారే చెప్పారు. త్రిపురాంబ గారు గుమ్మంలోకి వచ్చి, ఏమీ అనకుండా చాప మధ్యలో కూర్చున్నారట. రాజ్యం గారు కాఫీ ఇచ్చారట. తాగారట. "ఇక వస్తానే," అన్నారట. లేవలేకపోయారు. నలుగురు కలిసి లేపారు.

"పోనీలే అక్కా, వచ్చావు అంతే చాలు అన్నాను. ఏడుపొచ్చింది నాకు. అక్క మాత్రం నన్ను కోపంగా చూసి వెళ్లిపోయింది," అన్నారు.

"మీరేమైనా అడిగారా, ఎందుకొచ్చారని?"

"ఇంటికొచ్చినవాళ్లని ఎందుకొచ్చావని అడుగుతామా అమ్మాయ్?"

బతికిపోయాను.

ఇవాళ మళ్లీ వెళ్లారు. ఏమంటే నిన్న సరిగ్గా వెళ్లలేదట. వచ్చినవాళ్లని మోసుకెళ్తే వెళ్లినట్టు కాదట.

పరీక్షకు 12 రోజులు

రోజూ వెళ్తున్నారు. ఏ రోజూ సరిగ్గా వెళ్లడం కుదరడం లేదు. నాలుగు రోజుల కిందట గోడ పట్టుకుని లేచారు. మొన్న రాజ్యం గారి భుజం. నిన్న తన మోకాలి మీదే మోచెయ్యి. ఇవాళ మొదటిసారి చేతులు రెండూ గాల్లో పెట్టుకుని, ఊగుతూ, "వస్తానే" అని లేచారు. లేచీ లేవగానే రాజ్యం గారు, "కూర్చో అక్కా, పకోడీలు వేస్తున్నా," అన్నారు. కూర్చున్నారు. ఏడుసార్లు.

నేను కొలత టేపు పట్టుకుని మూల కూర్చున్నాను. ఇద్దరూ నా ఉనికి మర్చిపోయి మరమ్మతుల వారం గురించి పోట్లాడుకున్నారు.

"చక్రం నెమ్మదిగా తిరిగిందని తెలిసి కూడా మందం అన్నావు చూడూ."

"మందంగా ఉంటే మందం అనక పల్చన అంటానా అక్కా?"

"అందరి ముందూ అనాలా?"

"అందరూ అప్పటికే అనుకుంటున్నారు. నేను పైకి అన్నాను."

ఇద్దరూ నవ్వారు. నేను కదిలితే ఆగిపోతారేమోనని అలాగే కూర్చున్నాను. తర్వాత నాకు లేవడం కష్టమైంది.

పరీక్ష రోజు

పరీక్ష గదిలో చాప. గడియారం. పర్వతాలు గారు చేతిలో కాగితంతో. తలుపు దగ్గర నేను, రాజ్యం గారు. బయట ఆవిడ దోసెలకి అలవాటైనవాళ్లు పాతిక మంది, ఏమీ తినకుండా.

త్రిపురాంబ గారు కూర్చున్నారు.

"అమ్మా, లేవండి," అన్నారు పర్వతాలు గారు.

ఆవిడ ప్రయత్నించారు. నడుము జానెడు లేచి కూలబడింది. ఇంకోసారి. అంతే.

"రోజూ లేస్తున్నారు కదా," అన్నాను నేను.

"ఎవరో లేవమంటే లేచే అలవాటు నాకు లేదు డాక్టరమ్మా. కాళ్లు వినడం లేదు."

అప్పుడు రాజ్యం గారు, పరీక్ష చెడగొడుతున్నానని తెలియక, అక్క మొహం చూడలేక, "పోనీ కాసేపు కూర్చో అక్కా, తొందరేముంది," అన్నారు.

"లేదే, పిండి పులిసిపోతుంది," అన్నారు త్రిపురాంబ గారు. లేచి నిలబడ్డారు.

నిలబడ్డాక కాళ్ల వంక ఎవరివో చూస్తున్నట్టు చూసుకున్నారు.

పర్వతాలు గారు ఒకటి అని రాసుకున్నారు. కాస్త ఆలోచించి రాసుకున్నారు. ఆవిడ మళ్లీ కూర్చున్నారు. రాజ్యం గారు ఇప్పుడు కావాలనే అన్నారు, "చల్ల తాగి వెళ్దువు గానీ అక్కా."

"ఇప్పుడేం చల్లే, వద్దు," అంటూ లేచారు. రెండు.

"ఇంక మీరు మాట్లాడకూడదమ్మా," అన్నారు పర్వతాలు గారు రాజ్యం గారితో. "సాయం కిందికి వస్తుందేమో."

"నేను లేవమనలేదు బాబూ. కూర్చోమన్నాను."

"అదే నాకూ అర్థం కావడం లేదు. అయినా వద్దు."

రాజ్యం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. త్రిపురాంబ గారు మూడోసారి కూర్చున్నారు. ప్రయత్నించారు. కూలబడ్డారు. నుదుటి మీద చెమట. గడియారం ఐదు నిమిషాలు తిరిగింది. ఆరు. పదైతే అయిపోయినట్టే. లోపలికి మార్చే బండి కారిడార్లో ఉంది, చక్రాలకి నూనె పెట్టిన వాసన వస్తోంది. వెళ్లి చేయి పట్టుకుని లేపాలనిపించింది. ఇరవై మూడేళ్ల చదువూ అనుభవమూ ఉండీ నాకు తోచింది అదే.

తొమ్మిదో నిమిషంలో పర్వతాలు గారు ఉండబట్టలేకపోయారు. ఆయన తల్లి వయసు ఆవిడది. పెన్ను జేబులో పెట్టి, మెల్లగా వంగి, "ఫర్వాలేదమ్మా, కంగారు పడకండి. కాసేపు కూర్చోండి," అన్నారు.

"అయ్యో, వద్దు నాయనా, మళ్లీ వస్తాను," అని త్రిపురాంబ గారు లేచి తలుపు వైపు నడిచారు.

మూడు.

కాగితం మీద ఒక గడి ఉంది. "పరీక్షలో ఎవరి సాయమైనా అందిందా?" పర్వతాలు గారు ఆ గడి వంక చాలాసేపు చూశారు. సాయం అని రాస్తే మూడోసారి సాయం చేసింది తానే. పెన్ను నాకిచ్చారు.

"మీరే రాయండి మేడమ్. దగ్గరుండి చూసినవాళ్లు."

"లేదు" అని రాసి సంతకం చేశాను.

పరీక్ష అయ్యాక 6 రోజులు

దుకాణం నడుస్తోంది. త్రిపురాంబ గారు సాయంత్రం పెనం దించి తోడికోడలింటికి వెళ్తున్నారు. రాజ్యం గారు పొద్దున్న వచ్చి పీట పక్కన కూర్చుంటున్నారు. నేను కల్పించిన ఆ మాట గురించి ఎవరూ ఎత్తలేదు. రేపో మాపో ఎత్తుతారు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నిజం చెప్పేస్తే మళ్లీ పదకొండేళ్లు పీట మీద కూర్చుంటారేమో. చెప్పకపోతే వాళ్ల స్నేహం నా అబద్ధం మీద నిలబడ్డట్టు. బహుశా అబద్ధం ఎప్పుడో పక్కకి జరిగిపోయి, వాళ్ల కాళ్ల మీద వాళ్లే నిలబడ్డారేమో.

నన్ను ఎక్కువ పట్టి పీడిస్తున్నది అది కాదు. ఈ చక్రానికి నిజంగా ప్రమాదం వస్తే మోగే గంటలో ఒక గొంతు ఉంటుంది. "అందరూ లేవండి, తలుపు దగ్గరికి రండి" అంటుంది. ఆ గొంతుకి త్రిపురాంబ గారి కాళ్లు లేవవు. నాకు తెలుసు. చూశాను. చూసి కూడా సంతకం చేశాను.

అందుకని నిన్న కమిటీకి ఒక ఉత్తరం రాశాను. గంటలో గొంతు మార్చండి, "కూర్చోండి, అప్పుడే ఏం తొందర, కాఫీ తాగి వెళ్దురు గానీ" అని పెట్టండి అని. రాశాక ఇంకో భయం పట్టుకుంది. ఆవిడ ఒక్కరూ లేచి, మిగతావాళ్లంతా నిజంగానే కాఫీకి కూర్చుంటే?

ఆవిడ లేచింది కాళ్లతోనో మర్యాదతోనో నాకు తెలియదు. అలవాటు మారిందో, పాత అలవాటే ఇంకో దారిన వచ్చిందో తెలియదు. ఆ గడిలో నేను రాసింది నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఉత్తరం బల్ల మీదే ఉంది. పంపాలో వద్దో అదీ తేలలేదు.